పడతారని కూర్చోబెడితే ఇంకా పడతారు: ఇంట్లో పెద్దవాళ్లకి బ్యాలెన్స్ వ్యాయామాలు

ఈ రోజు ఎపిసోడ్ మీ గురించి కాదు, మీ ఇంట్లో ఉన్న తాతయ్య, అమ్మమ్మ, నాయనమ్మల గురించి. కానీ చూడాల్సింది మాత్రం మీరే.

ముందు నేను చేసిన తప్పు చెప్తాను. మా నాయనమ్మకి అప్పుడు 74 ఏళ్లు. ఒకరోజు తెల్లవారుజామున బాత్రూమ్‌కి వెళ్తూ గడప తగిలి పడింది. అదృష్టం, ఎముకలేం విరగలేదు, మోచెయ్యి గీరుకుపోయింది అంతే. ఆ రోజు నుంచి ఇంట్లో అందరిదీ ఒకటే మాట: "నువ్వు లేవకు, ఏం కావాలన్నా మమ్మల్ని అడుగు". మంచినీళ్లు నేనే తెచ్చిచ్చేవాణ్ణి. ముగ్గు వెయ్యొద్దన్నాం, మేడ మెట్లు ఎక్కొద్దన్నాం. అంతా ప్రేమతోనే. మూడు నెలలు తిరిగేసరికి కుర్చీలోంచి లేవడానికే రెండు చేతులూ ఊతం కావాల్సి వచ్చింది. ఆ తర్వాత మళ్లీ పడింది, ఈసారి మంచం పక్కనే.

అప్పుడు ఫిజియోథెరపిస్ట్ దగ్గరికి తీసుకెళ్తే ఆవిడ అన్నది ఒకటే. "మొదటిసారి గడప తగిలి పడ్డారు. రెండోసారి కాళ్లలో బలం లేక పడ్డారు. ఆ బలం మీరే తీసేశారు." నిజం చెప్తున్నా, నాకు నోట మాట రాలేదు.

అసలు బ్యాలెన్స్ అంటే ఏంటి? మీ ఫోన్ అడ్డంగా తిప్పగానే స్క్రీన్ కూడా తిరుగుతుంది కదా. లోపలున్న సెన్సర్ ఫోన్ ఎటు వంగిందో చెప్తుంది. మన ఒంట్లో అలాంటివి మూడున్నాయి. ఒకటి కళ్లు. రెండోది లోపలి చెవి, తల ఎటు కదిలిందో అదే పట్టుకుంటుంది. మూడోది అరికాళ్లు, కీళ్లు, కండరాల నుంచి వచ్చే స్పర్శ. ఈ మూడింటినీ మెదడు కలిపి చూసుకుని, తూలగానే కాళ్లకి ఆర్డర్ వేస్తుంది. వయసు పెరిగేకొద్దీ మూడూ మందగిస్తాయి, కండా తగ్గుతుంది. అయినా, మంచి విషయం ఏంటంటే, 80 ఏళ్లలో కూడా ప్రాక్టీస్ చేస్తే ఇది మెరుగుపడుతుంది. ప్రాక్టీస్ ఆపేస్తే పోతుంది. కూర్చోబెట్టడం అంటే ప్రాక్టీస్ ఆపేయడమే.

ఇది చిన్న విషయం అనుకోకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పడిపోవడం వల్ల ఏటా సుమారు 6 లక్షల 84 వేల మంది చనిపోతున్నారు. అందులో ఎక్కువ మంది 60 దాటినవాళ్లే. మరి వ్యాయామం నిజంగా పనిచేస్తుందా? 2019లో కాక్రేన్ సంస్థ వంద పైచిలుకు పరిశోధనలని కలిపి చూసింది. వ్యాయామం చేసినవాళ్లలో పడిపోవడాలు దాదాపు 23 శాతం తగ్గాయి. బ్యాలెన్స్, లేచి కూర్చోవడం లాంటి రోజువారీ కదలికల మీద చేసిన వ్యాయామాలకి గట్టి ఆధారం దొరికింది. "మా తాతయ్య రోజూ పార్కులో నడుస్తాడు" అంటారు కదా, మంచిదే, కానీ ఉత్త నడక ఒక్కటే చాలని చెప్పలేం.

ఇప్పుడు ఫోన్‌లో టైమర్ తీయండి. అమెరికాలోని సీడీసీ వాడే చిన్న పరీక్ష ఇది. పెద్దవాళ్లని వంటింటి గట్టు పక్కన నిలబెట్టి, మీరు చెయ్యి అందేంత దగ్గర ఉండండి. మొదట రెండు పాదాలూ పక్కపక్కనే. తర్వాత ఒక పాదం సగం ముందుకి. తర్వాత ఒక మడమ ఇంకో కాలి వేళ్లకి తగిలేలా ఒకే గీత మీద. చివరికి ఒంటికాలి మీద. ఒక్కోటి 10 సెకన్లు. మూడోది 10 సెకన్లు నిలబడలేకపోతే పడే ప్రమాదం ఎక్కువున్నట్టు. భయపడక్కర్లేదు, డాక్టర్‌కి చెప్పి వ్యాయామం మొదలుపెట్టాలి.

మా ఇంట్లో చేయించినవి ఇవీ. గోడకి ఆనించిన కుర్చీలోంచి, వీలైతే చేతులు ఆనించకుండా, లేచి మెల్లగా కూర్చోవడం, 10 సార్లు. గట్టు పట్టుకుని మడమలు ఎత్తి దించడం, 10 సార్లు. గట్టు వెంబడి పక్కకి అడుగులు వేయడం. ఒకే గీత మీద నిలబడటం, తర్వాత ఒంటికాలు. వారానికి కనీసం మూడు రోజులు.

ఇక్కడే అసలు కిటుకు ఉంది. మొదట రెండు చేతులతో పట్టుకుంటారు. అది తేలికయ్యాక ఒక చెయ్యి, తర్వాత రెండు వేళ్లు, తర్వాత పట్టుకోకుండా, కానీ గట్టు అందుబాటులోనే. కొంచెం తూలినట్టు అనిపించాలి. అస్సలు తూలకపోతే బ్యాలెన్స్‌కి పని లేనట్టే. మనం పాపం అని చెయ్యి పట్టేసుకుంటాం చూడండి, అక్కడే చెడగొడతాం.

జాగ్రత్తలు కూడా వినండి. ఈ మధ్యే పడినవాళ్లు, ఆపరేషన్ అయినవాళ్లు, లేవగానే కళ్లు తిరిగేవాళ్లు ముందు డాక్టర్‌ని కలవాలి. ఛాతీ నొప్పి, ఆయాసం, తల తిరగడం ఉంటే వెంటనే ఆపేయాలి. బీపీ మాత్రలు, నిద్రమాత్రల వల్ల కూడా తూలొచ్చు, డాక్టర్‌ని అడగండి, సొంతంగా మాత్రం ఆపొద్దు. కళ్లద్దాలు చెక్ చేయించండి. బాత్రూమ్ దారిలో రాత్రిపూట చిన్న లైటు పెట్టండి, జారే పట్టాలు తీసేయండి.

నాయనమ్మకి దాదాపు నాలుగు నెలలు పట్టింది. మొదటి రెండు వారాలు "నా వల్ల కాదురా" అని రోజూ తిట్టింది. ఇప్పుడు చేతులు ఆనించకుండా లేస్తుంది. మొన్న ముగ్గు గిన్నె తీసుకుని వాకిట్లోకి వెళ్లింది. నేను వెనకాలే వెళ్లి నిలబడ్డాను, కానీ చెయ్యి పట్టుకోలేదు. ఆగడం నాకూ కష్టంగానే ఉంది.

ఈ రోజు రాత్రి రీల్స్ చూసే టైమ్‌లో ఒక ఐదు నిమిషాలు తీసి, ఇంట్లో పెద్దవాళ్లతో ఆ 10 సెకన్ల పరీక్ష చేయించండి. మూడోది నిలబడ్డారా లేదా కామెంట్‌లో చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.