వెనుక బల్లయు, పరుగుబాటయు

చక్రముల కుర్చీలో కూర్చుండి పందెములందు పాల్గొనువారిని గూర్చి విద్యార్థులు వినియేయుందురు. పారాలింపిక్ క్రీడలు వారితోనే ఆరంభమయ్యెను. 1948లో ఇంగ్లండునందలి స్టోక్ మాండవిల్ వైద్యశాలలో డాక్టరు గుట్‌మన్‌గారు చక్రముల కుర్చీలలోనున్న 16 మందికి విలువిద్యలో పోటీ జరిపించిరి. 1960లో రోము నగరమున మొదటి పారాలింపిక్ క్రీడలు జరిగెను.

నేడు పరుగుపందెములలో లోపమునుబట్టి తరగతులు గలవు. టి51 మొదలు టి54 వరకు గల తరగతులు చక్రముల కుర్చీవారివి. బుద్ధివికాసము మందగించినవారు టి20. 2000లో సిడ్నీయందు కొందరు లోపము లేకయే ఉన్నట్లు నటించి పతకము గైకొనగా, బుద్ధిలోపము గలవారి పోటీలు తొలగింపబడి, 2012లో గాని తిరిగి చేర్చబడలేదు.

ఈ టి20 తరగతికి చెందినదే వరంగల్ జిల్లా కల్లెడ గ్రామమున 2003లో కూలివారి యింట జన్మించిన జీవాంజి దీప్తి. బాల్యమున ఊరివారు కొందరామెను హేళన చేసిరి. ఆమె వేగమును కనిపెట్టినవారు పాఠశాలలోని వ్యాయామోపాధ్యాయులు. 2024 మే నెలలో జపానునందలి కోబెలో ఆమె 400 మీటర్లు 55.07 సెకండ్లలో పరుగెత్తి, నాటికి ప్రపంచ రికార్డు నెలకొల్పెను. ఆ సెప్టెంబరున పారిస్‌లో కాంస్యపతకము గెలిచెను. బుద్ధిలోపము గల భారతీయులలో పారాలింపిక్ పతకము పొందిన ప్రథమవ్యక్తి ఆమెయే.

పాఠమును ఆలస్యముగా గ్రహించు బాలురను వెనుక బల్లకు పంపిన దినములు మాకును గలవు. అందులకు సిగ్గుపడుచున్నాము. విద్యార్థులారా! మన ముప్పాళ్ళలో అట్టి తోడివాడు కనబడినచో వెక్కిరింపు పేరు పెట్టకుడు. వాడు దేనియందు చురుకైనవాడో కనుగొనుడు.