మన ఆజ్ఞ లేకుండా పనిచేసే నాడులు

భోజనం ముగించి చేయి కడుక్కోవడంతో మన పని అయిపోతుంది. ఆ తరువాత జఠరంలో రసాలు ఊరడం, అన్నం ప్రేగుల్లోకి జారడం మన అనుమతితో జరిగేవి కావు. నిద్రలోనూ గుండె ఆగదు. వెలుతురు పడగానే కంటిపాప కుంచించుకుంటుంది. ఎండలో చెమట పడుతుంది. వీటిని నడిపేది స్వయంచోదిత నాడీవ్యవస్థ. కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞుడు జాన్ న్యూపోర్ట్ లాంగ్లీ 1898లో దీనికి 'అటానమిక్' అని పేరు పెట్టాడు.

ఇందులో ముఖ్యంగా రెండు శాఖలు. ఆపద ఎదురైనప్పుడు గుండెను పరుగెత్తించేవి సింపథెటిక్ నాడులు. విశ్రాంతిలో జీర్ణక్రియను, శరీర పోషణను చూసేవి పారాసింపథెటిక్ నాడులు. వీటిలో పెద్దది వేగస్. ఎవరి అదుపూ లేకపోతే విశ్రాంతిలో మన గుండె నిమిషానికి దాదాపు 100 సార్లు కొట్టుకుంటుంది. మామూలుగా మనం లెక్కించేది 70 పైచిలుకు మాత్రమే. ఆ తేడా వేగస్ వేసిన కళ్ళెం. 1921లో ఆటో లోవీ ఒక కప్ప గుండెకు చెందిన వేగస్‌ను ప్రేరేపించి, ఆ గుండెను తడిపిన ద్రవాన్ని మరొక కప్ప గుండెకు అందించాడు. రెండవదీ నెమ్మదించింది! నాడి తన ఆజ్ఞను ఒక రసాయనం ద్వారా పంపుతుందని ఆ విధంగా తెలిసింది. 1936లో హెన్రీ డేల్‌తో కలిసి ఆయన నోబెల్ బహుమతి అందుకున్నాడు.

ఈ కళ్ళేన్ని మీరూ గమనించవచ్చు. మణికట్టు వద్ద నాడిని పట్టుకొని నిదానంగా, దీర్ఘంగా శ్వాసించండి. గాలి పీల్చేటప్పుడు నాడి కొంచెం వేగిరపడుతుంది, వదిలేటప్పుడు నెమ్మదిస్తుంది. చిన్నవయసువారిలో ఇది స్పష్టంగా తెలుస్తుంది.

చరక సంహిత సూత్రస్థానం ఏడవ అధ్యాయంలో ఆపరాని వేగాలు 13 చెప్పబడ్డాయి. మూత్రం, మలం, తుమ్ము, ఆవులింత, ఆకలి, దప్పిక, నిద్ర మొదలైనవి వాటిలోనివి. వీటిలో అనేకం ఈ నాడులతో ముడిపడినవే. అయితే వాతమే నాడీవ్యవస్థ అని సమీకరణం చేయడం తొందరపాటని నా అభిప్రాయం. పిలవకుండా వచ్చే వేగాన్ని బలవంతాన అణచవద్దన్న ఆ హితవు మాత్రం నేటికీ శిరోధార్యమే.

ఇక ముఖ్యమైన విషయానికి వస్తాను. దీర్ఘకాలిక మధుమేహం కాళ్ళ నాడులనే కాదు, ఈ నాడులనూ దెబ్బతీస్తుంది. తరచు ముందుగా దెబ్బ తగిలేది వేగస్‌కే. అందువల్ల ఊరక కూర్చున్నా గుండె వేగంగా కొట్టుకుంటుంది.

పదిహేనేళ్ళుగా మధుమేహం ఉన్న ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు 'అజీర్ణం' అంటూ నా వద్దకు వచ్చారు. నాలుగు ముద్దలు తినగానే కడుపు నిండిపోతుందనీ, వామూ శొంఠీ వాడినా గుణం లేదనీ అన్నారు. పూజ ముగించి పీట మీది నుండి లేవగానే కళ్ళు చీకట్లు కమ్ముతున్నాయనీ చెప్పారు. పడుకోబెట్టి రక్తపోటు చూస్తే 140. నిలబెట్టి చూస్తే 110.

పడుకున్నవారు లేచి నిలబడగానే అర లీటరుకు పైగా రక్తం కాళ్ళలోకీ పొట్టలోకీ దిగుతుంది. మెడ ధమనులలోని గ్రాహకాలు ఆ లోటును కనిపెట్టగానే సింపథెటిక్ నాడులు రక్తనాళాలను బిగించాలి. ఆ నాడులే నీరసిస్తే మెదడుకు రక్తం చాలదు. నిలబడిన మూడు నిమిషాలలోపు పై అంకె 20 గాని, కింది అంకె 10 గాని తగ్గితే అది పరీక్ష చేయించవలసిన లక్షణం. కొన్ని రక్తపోటు మాత్రలు, ప్రోస్టేట్ మాత్రలు కూడా ఇలా చేస్తాయి. వాటిని సొంతంగా మానవద్దు, వైద్యునికి చెప్పండి.

ఆయన కడుపులోనిదీ మందాగ్ని అనిపించలేదు. జఠరాన్ని కదిలించే వేగస్ దెబ్బతింటే అన్నం గంటల తరబడి అక్కడే నిలుస్తుంది. వేసుకున్న మందుకూ తిన్న అన్నానికీ పొత్తు కుదరక చక్కెర హఠాత్తుగా పడిపోవచ్చు. అప్పుడు రావలసిన వణుకు, గుండెదడ కూడా రాకపోవచ్చు. కొందరికి గుండెపోటు సైతం నొప్పి లేకుండానే వస్తుంది. ఆయాసం, చెమట, వాంతి మాత్రమే కనిపిస్తాయి. అటువంటప్పుడు కషాయం కాచుతూ కూర్చోవద్దు, ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

ఆయనను మధుమేహ వైద్యుని వద్దకు పంపాను. ఇంట్లో పాటించమన్నవి స్వల్పమే: కొద్దికొద్దిగా ఎక్కువసార్లు తినడం, నూనె పదార్థాలు తగ్గించడం, తెల్లవారి మంచం అంచున కాసేపు కూర్చుని, పాదాలు పైకీ కిందికీ ఆడించి, ఆపైన లేవడం. పూజకు పీట బదులు కుర్చీ వేసుకోమన్నాను. దానికి మాత్రం ఆయన చాలాసేపు ఒప్పుకోలేదు.