ఓట్స్ బ్రెడ్... తలా ఓ చెయ్యి వేస్తే!

ఆదివారం పూట ఇల్లంతా తాజా బ్రెడ్ వాసన గుప్పుమంటుంటే ఎలా ఉంటుంది? ‘బాగానే ఉంటుంది కానీ, ఉన్న చాకిరీకి తోడు ఇదొకటా?’ అనేగా మీ సందేహం! నిజమే. సెలవు రోజు స్పెషల్ ఏది చేసినా ఇంటిల్లిపాదీ టీవీ ముందు, అమ్మ మాత్రం పొయ్యి ముందు. ఆ పనుల జాబితాలో బ్రెడ్‌ను కూడా చేర్చమని చెప్పబోవడం లేదు. బ్రెడ్‌లో ఓ సుగుణం ఉంది. నానబెట్టడం, పిసకడం, పొంగనివ్వడం, కాల్చడం... ఇలా పని విడివిడిగా ఉంటుంది. మధ్యలో బోలెడు విరామం. ఇంట్లో అందరూ పంచుకోవడానికి చక్కగా కుదిరే వంటకమిది.

కొన్నదానికీ చేసుకున్నదానికీ తేడా

ప్యాకెట్ మీద ‘ఓట్స్ బ్రెడ్’ అని ఉన్నంత మాత్రాన లోపల ఓట్స్ దండిగా ఉన్నాయనుకోకండి. దినుసుల పేర్లను బరువు ప్రకారం, ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా రాయాలన్నది నిబంధన. మొదట మైదా, చివరెక్కడో ఓట్స్ కనిపిస్తే మీరు కొంటున్నది మైదా బ్రెడ్డే! బ్రౌన్ బ్రెడ్ రంగు కూడా ఒక్కోసారి కారమెల్ చలవే. బ్రెడ్‌లో వాడే పొటాషియం బ్రోమేట్‌పై 2016లో పెద్ద దుమారమే రేగింది. అదే ఏడాది ప్రభుత్వం దాన్ని నిషేధించింది. కాబట్టి భయపడి ఇంట్లో చేసుకోవాల్సిన పని లేదు. ఏ పిండి ఎంత, ఉప్పు ఎంత, తీపి ఎంత అన్నది మన చేతిలో ఉండటమే అసలు లాభం.

ఓట్స్ చలి ప్రాంతాల పంట. స్కాట్లండ్‌లో ఓట్స్ పిండితో పెనం మీద రొట్టెలు కాల్చుకోవడం పాత అలవాటు. అమెరికాలో ఓట్స్‌ను మరిగే నీళ్లలో నానబెట్టి, చెరకు మడ్డి, గోధుమపిండి కలిపి బ్రెడ్ చేసేవారు. బోస్టన్‌కు చెందిన ఫానీ ఫార్మర్ 1896లో వెలువరించిన వంటల పుస్తకంలోనే ఈ తరహా బ్రెడ్ ఉంది. చెరకు మడ్డి బదులు మనకు బెల్లం ఉండనే ఉంది!

ఓట్స్‌లోని బీటా గ్లూకాన్ అనే పీచు రోజుకు 3 గ్రాములైనా అందితే కొలెస్ట్రాల్ తగ్గడానికి తోడ్పడుతుంది. రెండు ముక్కల బ్రెడ్‌తో అంత రాదు. మందు అనుకోకండి, మంచి టిఫిన్ అనుకోండి. బెల్లం కూడా తీపే కనుక షుగర్ ఉన్నవారు దాన్ని బాగా తగ్గించుకోవచ్చు.

కావలసినవి

ఓట్స్: 80 గ్రాములు
మైదా: 200 గ్రాములు
గోధుమపిండి: 150 గ్రాములు
బెల్లం తురుము: 40 గ్రాములు
వెన్న లేదా నూనె: 2 టేబుల్ స్పూన్లు
ఉప్పు: టీస్పూను
ఇన్‌స్టంట్ ఈస్ట్: ఒకటిన్నర టీస్పూన్లు
మరిగే నీళ్లు: 200 మి.లీ.
గోరువెచ్చని నీళ్లు: 100 మి.లీ.

తయారుచేసే విధానం

ఓట్స్, బెల్లం, వెన్న, ఉప్పు ఒక గిన్నెలో వేసి మరిగే నీళ్లు పోసి మూత పెట్టండి. అరగంటకు మెత్తటి జావలా అవుతుంది. అది గోరువెచ్చగా అయ్యాకే ఈస్ట్ కలపాలి. వేడి మీద కలిపితే ఈస్ట్ చచ్చిపోయి పిండి పొంగదు. ఈస్ట్‌ను గోరువెచ్చని నీళ్లలో కలిపి జావలో పోసి, రెండు పిండ్లూ వేసి ముద్ద చేయండి. ఓట్స్‌కు గోధుమల్లా సాగే గుణం లేదు. అందుకే ఈ రెండు పిండ్ల సాయం. పది నిమిషాలు బాగా పిసికితే ముద్ద సాగుతూ నున్నగా అవుతుంది. కాస్త చేతికి అంటుకున్నా ఫరవాలేదు, అదే పనిగా పొడిపిండి చల్లకండి.

నూనె రాసిన గిన్నెలో మూత పెట్టి ఉంచితే రెట్టింపు అవుతుంది. మన ఎండాకాలంలో ముప్పావు గంట చాలు, చలికాలంలో రెండు గంటలైనా పట్టొచ్చు. గడియారాన్ని కాదు, పిండిని చూడండి. ఇడ్లీపిండితో అలవాటైన చేతులకు ఇది కొత్తేం కాదు! తర్వాత గాలి తీసి, చుట్టి, నూనె రాసిన బ్రెడ్ టిన్నులో పెట్టి, పైన కాసిని ఓట్స్ చల్లండి. మరో అరగంటకు మళ్లీ పొంగుతుంది. ముందే వేడిచేసిన ఓవెన్‌లో 180 డిగ్రీల దగ్గర 35 నుంచి 40 నిమిషాలు కాల్చాలి. తిరగేసి అడుగున తడితే డొల్ల శబ్దం రావాలి. గంటసేపు చల్లారాకే కోయండి. వేడి మీద కోస్తే లోపల ముద్దముద్దగా ఉంటుంది.

మైక్రోవేవ్ అయితే కన్వెక్షన్ సౌకర్యం ఉన్నదే పనికొస్తుంది.

ఎవరికి ఏ పని?

2019లో జరిగిన జాతీయ కాల వినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే స్త్రీలు అప్పట్లో రోజుకు సగటున 299 నిమిషాలు అందులోనే గడిపేవారు. ఇంటిపని చేసే పురుషులు వెచ్చించింది 97 నిమిషాలు. పైగా ఆ పనిలో చెయ్యి పెట్టిన మగవారు నూటికి 26 మందే! ఒక్క బ్రెడ్‌తో ఇది మారిపోదు. కానీ మొదలుపెట్టడానికి ఇదో మంచి సాకు.

పిసికే పని శ్రీవారికి అప్పగించండి. జిమ్‌కు వెళ్లే అబ్బాయి ఉంటే మరీ మంచిది. పిండి తూచడం, ఓట్స్ చల్లడం చిన్నపిల్లలకు సరదా. చిన్న పిండిముద్దను గాజు గ్లాసులో వేసి, బయట రబ్బర్ బ్యాండ్ పెట్టి ఎంత పొంగిందో చూడటం స్కూలు పిల్లల పని. సైన్సు పాఠం కూడా అయిపోతుంది! పిండి పొంగిందా లేదా అన్న తీర్పు నాయనమ్మదో, అమ్మమ్మదో. ఓవెన్ దగ్గర మాత్రం పెద్దవాళ్లే ఉండాలి. ఇక అసలు సంగతి... పిండి అంటుకున్న గిన్నెలు ఎవరు తోముతారో ముందే తేల్చుకోండి. లేకపోతే ఆ పని ఎవరి నెత్తిన పడుతుందో మీకు చెప్పక్కర్లేదు! మొదటిసారి బ్రెడ్ ఒంకర వచ్చినా, గట్టిబడినా మళ్లీ మీరొక్కరే చేసేస్తానని మాత్రం అనకండి.

ఇందులో నిల్వ పదార్థాలు ఉండవు కనుక బయట రెండు రోజులకు మించి ఉంచకండి. ఫ్రిజ్‌లో పెడితే త్వరగా గట్టిబడుతుంది. ముక్కలుగా కోసి ఫ్రీజర్‌లో దాచుకుని, కావలసినప్పుడు పెనం మీద వేడిచేసుకుంటే సరి. సోమవారం పొద్దున్నే ఆ టోస్టు చేసే పని ఎవరిదో కూడా ఆదివారమే పంచేసుకోండి మరి!