దోమ కడుపులో దొరికిన జవాబు

చలిజ్వరం, అంటే మలేరియా, చిత్తడి నేలల చెడుగాలి వల్ల వస్తుందని పందొమ్మిదో శతాబ్దం చివరిదాకా చాలామంది నమ్మారు. రోగి రక్తంలో మలేరియా పరాన్నజీవి ఉంటుందని 1880లో లావెరాన్ కనిపెట్టాడు. అది ఒకరి నుంచి మరొకరికి ఎలా చేరుతుందో మాత్రం తేలలేదు. ఆ ముడి సికింద్రాబాదులో వీడడం మొదలైంది. విప్పినవాడు సైనిక వైద్యుడు రోనాల్డ్ రాస్.

రాస్ దోమ లార్వాలను తెప్పించి సీసాల్లో పెంచేవాడు. అలా పెంచితేనే ఆ దోమ అంతకుముందు ఎవరి రక్తమూ తాగలేదని ఖాయం. 1897 ఆగస్టు 16న హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగి మచ్చల రెక్కల దోమల చేత కుట్టించుకున్నాడు. కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా ఇచ్చారు. పంకా వేస్తే కోసిన దోమలు ఎగిరిపోతాయని రాస్ ఉక్కపోతలోనే పనిచేశాడు. ఆగస్టు 20న ఒక దోమ కడుపు గోడలో గుండ్రని కణాలు కనిపించాయి. వాటిలో నల్లని రేణువులు ఉన్నాయి. మలేరియా పరాన్నజీవిలో ఉండేవీ అవే. మర్నాడు మరో దోమను కోస్తే ఆ కణాలు ఇంకా పెద్దవిగా ఉన్నాయి. అంటే పరాన్నజీవి దోమలో బతికి, పెరుగుతోందన్నమాట!

1898లో కలకత్తాలో పక్షుల మలేరియాపై పనిచేస్తూ, ఆ పరాన్నజీవి దోమ లాలాజల గ్రంథుల్లోకి చేరుతుందని రాస్ చూపాడు. అదే ఏడాది మనుషుల మలేరియాను అనాఫిలిస్ దోమ మోస్తుందని ఇటలీలో గ్రాసీ బృందం నిరూపించింది. 1902లో రాస్‌కు నోబెల్ బహుమతి వచ్చింది.

ఆయన అక్కడితో ఆగలేదు. దోమల నిర్మూలనకు ఊరూరా దళాలు ఎలా కట్టాలో పుస్తకం రాశాడు. దళాలు కట్టినా, జబ్బును ఆపాలంటే ముందు మనం దోమ బతుకును చదవాలి.

ఆ చదువు కష్టమైంది కాదు. నీటి తొట్టిలోకి తొంగిచూడండి. తలకిందులుగా వేలాడే లార్వా క్యూలెక్స్ దోమది కావచ్చు. నీటి మట్టానికి సమాంతరంగా, పడుకున్నట్టు ఉండేది అనాఫిలిస్‌ది. మన వేసవి వేడికి గుడ్డు దోమగా మారడానికి సుమారు వారం నుంచి పది రోజులు పడుతుంది. అందుకే వారానికోసారి తొట్టి ఖాళీ చేసి ఆరబెడితే లార్వా దోమ కాకముందే చస్తుంది. డెంగీ మోసే ఈడిస్ దోమకూ ఇదే లెక్క. నిల్వనీరు తొలగించమంటూ ఇచ్చిన ‘ఆదివారం పది గంటలకు పది నిమిషాలు’ అన్న పిలుపు వెనక ఉన్న శాస్త్రం ఇదే.

కారణం తెలియని ఆదేశాన్ని జనం త్వరగా మరిచిపోతారు. బేగంపేటలో రాస్ పనిచేసిన భవనం ఇప్పుడు ఉస్మానియా విశ్వవిద్యాలయం చేతిలో ఉంది. అందుకే అక్కడ మైక్రోస్కోపు కింద లార్వాను ప్రతి బస్తీవాసికీ చూపించాలి. ఒక్కసారి కళ్లారా చూసినవారు తొట్టి కడగడం మానరు.