పావుగంటా? రెండున్నర గంటలా?

భిలాయి ఉక్కు నగరంలోని మా ఇంట్లో నాన్నగారి పాత ఫొటోలు, వీడియోలు 100 జీబీ ఉన్నాయి. వాటి రెండో ప్రతి దాచడానికి నెట్‌వర్క్ స్టోరేజీ కొని, వేగం పరీక్షించాను. గిగాబిట్ అంటే సెకనుకు 1000 మెగాబిట్లు. 8 బిట్లు ఒక బైట్ కనుక 125 మెగాబైట్లు. ఆచరణలో 110 దాకా వస్తుంది. నాకు 11 వచ్చింది. చిన్న ఫైళ్లు సహజంగానే నెమ్మది, కానీ నేను పంపింది ఒకే పెద్ద వీడియో. పదో వంతు వేగమంటే లింకు 100 మెగాబిట్ల దగ్గర ఆగినట్టే. గిగాబిట్‌కు కేబుల్‌లోని ఎనిమిది తీగలూ పనిచేయాలి. 100కు నాలుగు చాలు. కేబుల్ మార్చాక 110 వచ్చింది. రెండున్నర గంటల కాపీ పావుగంటకు దిగింది.

మీరూ కంప్యూటర్ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో లింక్ స్పీడ్ చూడండి. ఎక్కువసేపు పట్టే పనిని వాయిదా వేస్తాం. డిస్కు చెడిన రోజున ఆదుకునేది ఆ రెండో ప్రతే.