స్వల్పవ్యయముతో మాణాగ్రామ యాత్ర

బదరీనారాయణుని సేవించిన మనవారు పలువురు అచ్చటినుండియే మరలుదురు. ఇంక మూడు కిలోమీటర్లు టిబెట్టు దిక్కునకు నడచినచో మాణా యను పల్లె కలదు. వ్యాసుడు చెప్పగా గణపతి భారతమును వ్రాసెనని చెప్పెడి గుహలును, సరస్వతి రాతిసందున ఘోషించుచు వెలువడు చోటును అచ్చటనే యున్నవి.

వ్యయమా, మనము తగ్గించుకొన్నంత తగ్గును. ఋషీకేశమువరకు రైలు; అచ్చటినుండి బదరికి సుమారు 295 కిలోమీటర్లు బస్సు. బస్సులు తెల్లవారుజామున కదలును గనుక ముందునాడే చీటీ కొనవలయును. బస ధర్మశాలలలో. ప్రభుత్వమువారికడ పేరు నమోదు తప్పదు. ఆ పని మనుమలకు సులభము.

అయినను ఒక్కచోట పిసినారితనము పనికిరాదు. జ్యోతిర్మఠము సుమారు 1,900 మీటర్ల యెత్తు, బదరి 3,100. అచ్చట గాలి పలుచన. ఒక రాత్రి బస కూలికి వెఱచి జ్యోతిర్మఠమున నిలువక పైకెక్కు వృద్ధునకు తలనొప్పియు, వమనమును, ఆయాసమును కలుగవచ్చును. అవి ముదిరినచో వెంటనే దిగివచ్చుటయే ప్రాణరక్షణము. గుండెజబ్బు గలవారు ఇల్లు కదలకమునుపే వైద్యు నడుగవలయును.

మాణావాసులు భోటియాలు. 1962 యుద్ధమునకు ముందు వారు టిబెట్టుతో ఉన్ని, ఉప్పు బేరము చేసెడివారు. నేడు స్త్రీలు వాకిండ్లలో గూర్చుండి ఉన్నిటోపీలు అల్లి విక్రయింతురు. టోపీ ఊరినుండి మోసికొనిపోనక్కరలేదు, అచ్చటనే కొనవచ్చును. ధర గీచి గీచి అడుగుట నాకు రుచింపదు. నవంబరులో గుడి మూయగానే వారును దిగువ ఊళ్లకు తరలుదురు. పిమ్మట వేసవివరకు పల్లెలో ఇండ్లకు తాళములే.