సూది లేకుండా విటమిన్ 'కె'

ఆసుపత్రుల సాఫ్ట్‌వేర్ రాస్తానని కాబోలు, పాసిర్ రిస్‌లో మా చుట్టుపక్కల తెలుగువాళ్ళు కాన్పు దగ్గరపడితే నన్ను అడుగుతూంటారు: "పుట్టీ పుట్టగానే పసిగుడ్డుకి సూది ఎందుకండీ? చర్మం మీద రాసే మందు లేదా?" మంచి ప్రశ్నే.

ఆ సూదిలో ఉండేది 1 మిల్లీగ్రాము విటమిన్ కె. రక్తం గడ్డకట్టాలంటే ఇది కావాలి. మాయ ద్వారా బిడ్డకి అందేది బహు తక్కువ. చనుబాలలోనూ అంతంత మాత్రమే. ఇది లోపిస్తే ఒక్కోసారి మెదడులో రక్తస్రావం కావచ్చు. అమెరికా శిశువైద్యుల సంఘం 1961లోనే దీన్ని సిఫారసు చేసింది. మన కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాలు 2014లో వచ్చాయి.

మరి చర్మం? అదొక ఫైర్‌వాల్. 500 డాల్టన్లు దాటిన అణువుల్ని సాధారణంగా పోనివ్వదు. విటమిన్ కె దాదాపు 450, అంటే పరీక్ష పాసైనట్టే! కానీ అది నూనెలో కరిగే సరుకు. కొవ్వు నిండిన పైపొరలోనే ఇరుక్కుపోతుంది; కిందనున్న తడి పొరల్లోకి దిగేది స్వల్పం.

అందుకే బెల్‌ఫాస్ట్ క్వీన్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2018లో వేరే దారి చూపారు: చర్మంలో కరిగిపోయే సూక్ష్మసూదుల పట్టీ. మిల్లీమీటరు కన్నా పొట్టివైన ఆ ముళ్ళు పైపొరను దాటి, కరిగి, మందు వదులుతాయి. సూది వేసేవాళ్ళు దొరకని పల్లెల్లో ఇది వరమే. అయితే నవజాత శిశువుల్లో పూర్తి మోతాదు చేరుతుందని ముందు రుజువు కావాలి.

నోటి చుక్కలున్నాయి గానీ, వారాల తరబడి పలుమార్లు వెయ్యాలి. ఒకటి మరిచినా రక్షణ తగ్గుతుంది. కనుక పట్టీ వచ్చేదాకా ఆ ఒక్క సూదీ మానకండి.